నాలుగేళ్ళ గొంతు, ఎనిమిది వందల ఏళ్ళ పాట

జర్మనీలోని లైప్‌జిగ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటలు కావస్తుంటే సెయింట్ థామస్ చర్చి నిండిపోతుంది. లోపల కూర్చున్నవాళ్ళ కళ్ళు ముందు పీఠం దగ్గర నేలలో పరిచిన ఒక కంచు పలక మీద పడతాయి. దాని మీద ఉన్నది ఒక్క పేరే: యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1950 నుంచి ఆ స్వరకర్త సమాధి అక్కడే. జనం ఆ పలకను చూస్తుండగానే పడమటి వైపు మేడ మీద నుంచి పాట మొదలవుతుంది. చాలామందికి అది వెనక నుంచి, తలల మీదుగా వచ్చి ముందుకు సాగిపోతున్నట్టు ఉంటుంది. ఆ మేడ మీద నిలబడి పాడేవాళ్ళు 9 ఏళ్ళ పసివాళ్ళ నుంచి 18 ఏళ్ళ కుర్రవాళ్ళ దాకా సుమారు వందమంది. చిన్నవాళ్ళు నావికుల తరహా చొక్కాల్లో, పెద్దవాళ్ళు ముదురురంగు సూట్లలో ఉంటారు. వీళ్ళ పేరు థోమానర్లు. ఈ బృందం పుట్టింది 1212లో.

ఈ బృందంలో సొప్రానో, అంటే అన్నిటికన్నా పైస్థాయి, పాడే పిల్లవాడి గొంతు మూడు నాలుగేళ్ళకు మించి నిలవదు. తొమ్మిదో ఏట చేరతాడు, శ్రుతి నిలబడి స్వరం చూసి పాడడం చేతనయ్యేసరికి పదేళ్ళు దాటుతాయి, పన్నెండు పదమూడేళ్ళకు గొంతు మారిపోతుంది. ఎనిమిది శతాబ్దాల నుంచి అందులో ప్రతి గొంతూ ఇలా కొద్దికాలం మెరిసి మాయమైనదే. బాఖ్ విన్న గొంతులు వేరు, ఈ శనివారం విన్నవి వేరు, ఇంకో అయిదేళ్ళకు వినబోయేవి ఇప్పుడు అంగన్‌వాడీ వయసు పిల్లలవి. అలాంటప్పుడు నిలిచింది ఏమిటి? జర్మన్ చర్చిల అబ్బాయిల గాయక బృందాల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ బృందాల గొప్పతనమూ, వాటికి పట్టిన మచ్చా, ఇవాళ వాటి ముందున్న సందిగ్ధమూ ఒకే చోట మొదలవుతాయని నా నమ్మకం. ఆ చోటు పెద్ద పిల్లవాడు చిన్న పిల్లవాడికి పాట నేర్పే గది.

మఠం బడి నుంచి ఊరి బడికి

వయసులో వీటన్నిటికీ పెద్దది బవేరియాలోని రేగన్స్‌బర్గ్ బృందం. బిషప్ వోల్ఫ్‌గాంగ్ 975లో పెట్టిన కెథెడ్రల్ బడిని అది తన మూలంగా చెప్పుకుంటుంది. ఆ పిల్లలను ఊరంతా ముద్దుగా 'డోమ్‌ష్పాట్సెన్' అంటుంది, అంటే కెథెడ్రల్ పిచ్చుకలు. లైప్‌జిగ్‌లో మైసెన్ ప్రభువు డీట్రిష్ 1212లో అగస్టీనియన్ సన్యాసుల మఠాన్ని నెలకొల్పాడు. మఠంతోపాటే బడి, బడితోపాటే గానం వచ్చాయి. డ్రెస్డెన్‌లోని క్రాయిట్స్‌కోర్, అంటే సిలువ చర్చి బృందం, 1216ను తన పుట్టిన సంవత్సరంగా లెక్కించి 2016లో ఎనిమిది వందల ఏళ్ళ పండుగ చేసుకుంది.

అబ్బాయిలే ఎందుకు? చర్చిలో ఆడవాళ్ళు నోరు విప్పకూడదన్న నిషేధం శతాబ్దాల తరబడి నడిచింది. ఆరాధనలో పైస్థాయి స్వరం కావాలి, ఆడగొంతుకు చోటు లేదు, కాబట్టి గొంతు మారని మగపిల్లవాడు కావలసి వచ్చాడు. ఇవాళ ఎంతోమంది 'దేవదూతల గొంతు' అని మురిసిపోయే ఆ నాదం మొదట ఎవరో కళాదృష్టితో ఎంచుకున్నది కాదు, ఒక నిషేధం వల్ల మిగిలిన దారి. అమ్మాయిల చర్చ వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1519లో లైప్‌జిగ్‌లో చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్‌కూ, కాథలిక్ పండితుడు యోహాన్ ఎక్‌కూ మధ్య ప్రసిద్ధమైన వాదం జరిగినప్పుడు, ప్రారంభ ఆరాధనలో పన్నెండు గొంతుల వరసలతో కూడిన గానాన్ని నడిపించింది అప్పటి థామస్ కాంటోర్ గేయార్గ్ రావ్. కాంటోర్ అంటే బడిలో సంగీతం నేర్పుతూ చర్చిలో పాట నడిపించే గురువు. అదే రావ్ తరవాత విట్టెన్‌బర్గ్ వెళ్ళి అచ్చుకూటం పెట్టి, లూథర్ పక్షపు సంగీతాన్ని ముద్రించాడు. ఇరవై ఏళ్ళకు, 1539లో, లూథర్ సంస్కరణ లైప్‌జిగ్‌కు చేరింది. థామస్ చర్చిలో లూథర్ స్వయంగా ప్రసంగించాడు. మఠం మూతపడింది. 1543లో బడి, బృందం నగర పాలక మండలి చేతికి వచ్చాయి.

వీటిని నిలబెట్టిన మలుపు ఇదే. మఠాలు పోయిన చాలాచోట్ల మఠగానమూ పోయింది. ఇక్కడ మాత్రం ఊరు ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. లూథర్ దృష్టిలో వేదాంతం తరవాతి స్థానం సంగీతానిదే. పాడడం రాని బడిపంతులు ఆయన లెక్కలో పంతులే కాడు. అలా పాట పూజలో భాగమే కాకుండా చదువులోనూ భాగమైంది. ఇవాళ్టికీ థోమానర్లది నగరం పోషించే బృందమే.

చర్చి పక్కనే బడి, బడిలో తప్పనిసరిగా పాట అన్న ఆ ఏర్పాటు తెలుగువాళ్ళకు కొత్తది కాదు. 1842లో అమెరికా లూథరన్ల తరఫున గుంటూరు వచ్చి బడులు పెట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అయితే గుంటూరుకు వచ్చింది సమాజమంతా కలిసి పాడే లూథరన్ అలవాటు. అబ్బాయిల బృందం అనే ఏర్పాటు రాలేదు. తెలుగు క్రైస్తవ కీర్తన మన రాగతాళాల్లోనే తన దారి వెతుక్కుంది.

మధూకరం ఎత్తిన పాట

థామస్ బడిలో ఉండి చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది పేదలు. వాళ్ళకు తిండి, పడక, చదువు ఉచితం. బదులుగా పాడాలి. ఆదివారం చర్చిలో పాడాలి, పెళ్ళిళ్ళలో పాడాలి, శవం వెంట నడుస్తూ పాడాలి. గుంపుగా వీధుల్లో తిరిగి, ఇళ్ళ ముందు పాడి డబ్బు పోగుచేయాలి. దీన్ని 'కురెండె' అనేవారు. లూథర్ కూడా చిన్నప్పుడు ఐసెనాఖ్‌లో ఇలా వీధుల్లో పాడినవాడే. మధూకరం ఎత్తి, వారాలు చేసుకుని చదువుకున్న తాతల కథలు ఇంట్లో విన్న తెలుగువాడికి ఇదేమిటో వివరించి చెప్పనక్కరలేదు. గడ్డకట్టే చలిలో ఆ పాట ఎలా ఉండేదో మాత్రం ఊహించుకోవాలి.

గురువు బతుకూ ఆ డబ్బుతోనే ముడిపడి ఉండేది. 1730 అక్టోబరు 28న బాఖ్ తన పాత మిత్రుడు గేయార్గ్ ఎర్డ్‌మన్‌కు ఉత్తరం రాస్తూ తన కొలువు విలువ ఏడాదికి దాదాపు 700 థాలర్లు (అప్పటి వెండి నాణేలు) అని లెక్క చెప్పాడు. అందులో పెద్ద భాగం పెళ్ళిళ్ళు, అంత్యక్రియల వల్ల వచ్చే రుసుము. అంతకు ముందటి ఏడు ఊళ్ళో గాలి ఆరోగ్యంగా ఉండి చావులు తగ్గడంతో తనకు వందకు పైగా థాలర్లు నష్టం వచ్చిందని కూడా రాశాడు. ప్రపంచం నెత్తిన పెట్టుకునే ఆ సంగీతం వెనక ఇలాంటి ఇంటిఖర్చు లెక్కలున్నాయి.

బాఖ్ చేతిలో ఉన్నదేమిటి

1723లో బాఖ్ థామస్ కాంటోర్ అయ్యాడు. మండలి మొదట కోరుకున్నది స్వరకర్త టెలెమన్‌ను, ఆ తరవాత గ్రౌప్నర్‌ను. ఇద్దరూ కుదరకపోతే ఈయన వచ్చాడు. ఆయనకు ముందే ఆ పీఠం గొప్పది. సేతుస్ కాల్విజియుస్, యోహాన్ హెర్మన్ షైన్, సెబాస్టియన్ క్నూప్ఫర్, యోహాన్ కూనౌ వంటి పండితులు దాని మీద కూర్చున్నారు. స్వరకర్త హైన్రిష్ ష్యూట్స్ అంతటివాడు 1648లో తన బృందగాన సంపుటిని లైప్‌జిగ్ నగర మండలికి, అక్కడి గాయక బృందానికి అంకితమిచ్చాడు.

బాఖ్‌కు దొరికిన బృందం ఎలాంటిది? దీనికి ఆయన చేతిరాతలోనే జవాబుంది. 1730 ఆగస్టు 23న ఆయన మండలికి ఒక విన్నపం రాశాడు. చర్చి సంగీతం సక్రమంగా సాగాలంటే ఏం కావాలో అందులో తేల్చి చెప్పాడు. చివర పిల్లల పేర్ల జాబితా మూడు భాగాలుగా ఉంది: పనికొచ్చేవాళ్ళు 17 మంది, ఇంకా తయారుకావలసినవాళ్ళు 20 మంది, బొత్తిగా పనికిరానివాళ్ళు 17 మంది. మొత్తం 54 మందిని నాలుగు చర్చిలకు పంచాలి. ఒక్కో బృందానికి కనీసం 12 మంది, వీలైతే 16 మంది ఉండాలని ఆయన కోరిక. స్వరం గుర్తుపట్టలేక మామూలు స్తోత్రం కూడా కష్టంగా పాడేవాళ్ళు పీటర్ చర్చికి పోయేవారు. అందరికన్నా మేలైనవాళ్ళు ఆయన కొత్తగా కూర్చిన కాంటాటాలు, అంటే వాద్యాలతో కూడిన ఆరాధన గానాలు, పాడేవారు, ఒక ఆదివారం థామస్ చర్చిలో, ఇంకో ఆదివారం నికొలాయ్ చర్చిలో. మత్తయి సువార్త పాషన్ (క్రీస్తు శ్రమల గానం) వంటి మహాకృతిని 1727లో మొదట పాడింది ఇలాంటి బడిపిల్లలే. ఆ జాబితాను పక్కన పెట్టుకుని ఆ సంగీతం వింటే బాఖ్ మీద గౌరవం రెట్టింపవుతుంది.

ఆ విన్నపమే ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద వివాదానికి మూలమైంది. 1981లో అమెరికన్ సంగీతవేత్త జాషువా రిఫ్కిన్ ఒక వాదం తెచ్చాడు. బాఖ్ అడిగిన 12 మంది, 16 మంది మొత్తం జట్టు లెక్క, ఒకేసారి పాడేవాళ్ళ లెక్క కాదని, కాంటాటాలో ఒక్కో వరసకు ఒక్క గాయకుడే ఉండేవాడని ఆయన తీర్మానం. ఆండ్రూ పారట్ 2000లో పుస్తకం రాసి దాన్ని బలపరిచాడు. బాఖ్ నిపుణులు టోన్ కూప్‌మన్, క్రిస్టోఫ్ వోల్ఫ్ ఒప్పుకోలేదు, వరసకు ముగ్గురు నలుగురు పాడేవారన్న పాత అవగాహనకే కట్టుబడ్డారు. మిగిలిన స్వరప్రతుల్లో వరసకు ఒక్కో కాగితమే ఎక్కువగా కనబడడం రిఫ్కిన్‌కు బలం. ఒకే కాగితాన్ని ఇద్దరు ముగ్గురు చూసి పాడి ఉండొచ్చన్నది అవతలి పక్షం మాట. నాకు తోచినంతలో ఈ వాదం వల్ల కలిగిన పెద్ద మేలు బాఖ్ బృందం గురించిన మన ఊహ చెదిరిపోవడమే. వందమంది ఒక్కసారిగా ఎలుగెత్తే నేటి థోమానర్ల నాదం బాఖ్ విన్న నాదం కాదన్నది రెండు పక్షాలూ ఒప్పుకునే మాటే.

మారిన గొంతు, మారిన వయసు

వయసు విషయంలో తేడా ఇంకా లోతుగా ఉంది. ఎస్.ఎఫ్. డా అనే పరిశోధకుడు 1727 నుంచి 1749 దాకా బాఖ్ దగ్గర ఎవరెవరు ఏ వరస పాడారో లెక్కతీసి 1970లో ప్రచురించాడు. ఆ రోజుల్లో పిల్లల గొంతు సగటున పదహారున్నర, పదిహేడేళ్ళకు మారేదని ఆయన తేల్చాడు. ఆస్ట్రియా వారసత్వ యుద్ధం నడిచిన 1740ల్లో ఆ మార్పు ఇంకా ఆలస్యమైంది. యుద్ధం వస్తే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే ఎదుగుదల వెనకబడుతుంది. ఒక గాయక బృందం హాజరుపట్టీలో యుద్ధకాలపు ఆకలి నమోదైంది.

ఇవాళ మంచి తిండి తిని ఎదిగిన పిల్లవాడికి ఆ మార్పు నాలుగేళ్ళు ముందే వచ్చేస్తోంది. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. బాఖ్ రాసిన కఠినమైన సొప్రానో గీతాలను ఆనాడు పాడింది ఏళ్ళ తరబడి శిక్షణ, పదహారేళ్ళ బుద్ధి, పెద్ద ఊపిరితిత్తులు ఉన్న కుర్రాడు. ఇవాళ అదే గీతాన్ని పన్నెండేళ్ళవాడు పాడాలి. 1971 నుంచి 1989 దాకా సంగీత నిర్వాహకులు నికొలాస్ హార్నన్‌కోర్ట్, గుస్తావ్ లేయన్‌హార్ట్ కలిసి బాఖ్ చర్చి కాంటాటాలన్నిటినీ రికార్డు చేసినప్పుడు పైవరస దాదాపు అంతటా అబ్బాయిలకే అప్పగించారు. 2000లో జాన్ ఎలియట్ గార్డినర్ ఏడాది పొడవునా ఊరూరా తిరిగి వాటినే పాడించినప్పుడు ఆ వరసలో ఆడవాళ్ళున్నారు. ఏది అసలుకు దగ్గర? గొంతు రంగును చూస్తే మొదటిది, పరిణతిని చూస్తే రెండవది. రెండూ ఒకేచోట కలిసే కాలం తిరిగి రాదు.

అందుకే ఈ బడుల్లో కాలం చాలా విలువైనది. ఉదయం చదువు, మధ్యాహ్నం సాధన, శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం మోటెట్ (చర్చి బృందగానం) కార్యక్రమాలు, ఆదివారం ఆరాధన. లైప్‌జిగ్ వసతిగృహాన్ని పిల్లలు 'కాస్టెన్' అంటారు, అంటే పెట్టె. అక్కడ ఒకే ఈడు పిల్లల్ని ఒక గదిలో ఉంచరు. చిన్నా పెద్దా కలిపి ఉంచుతారు. పెద్దవాడు చిన్నవాడికి పక్క సర్దుకోవడం దగ్గర నుంచి స్వరం పట్టడం దాకా నేర్పుతాడు. వాళ్ళలో ఎంపికైన ప్రిఫెక్టులు కాంటోర్ లేనప్పుడు బృందాన్ని నడిపిస్తారు. ఈ పద్ధతి బాఖ్ కాలానికే పాతది. గొంతు మారిన పిల్లవాడు కొంతకాలం పాటకు విరామమిచ్చి, కింది స్థాయి గొంతులైన టెనార్‌గానో బేస్‌గానో తిరిగి వచ్చి వెనక వరసలో నిలబడతాడు. నిన్న తను పాడిన వరసను తన ముందు నిలబడి పాడే చిన్నవాడి తప్పు వాడికి గురువు కన్నా ముందే వినబడుతుంది. ఎందుకంటే అదే చోట వాడూ ఒకప్పుడు తడబడ్డవాడే. ఈ బృందాల అసలు ఆస్తి ఈ చెవి.

ఈ చెవి ఏం కాపాడిందో చెప్పే ఒక ఘట్టం ఉంది. బాఖ్ 1750లో పోయాక ఆయన సంగీతం చాలావరకు వాడుకలో లేకుండా పోయింది. 1789 ఏప్రిల్‌లో మోట్సార్ట్ లైప్‌జిగ్ వచ్చాడు. అప్పటి కాంటోర్ యోహాన్ ఫ్రీడ్రిష్ డోలెస్ బాఖ్ శిష్యుడు. ఆయన పిల్లల చేత బాఖ్ రెండు బృందాల మోటెట్ ఒకటి పాడించాడు. మొదటి వాక్యాలకే మోట్సార్ట్ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడని, ఇదేమిటని అడిగాడని సంగీత రచయిత రోహ్లిట్స్ తరవాత జ్ఞాపకంగా రాశాడు. అన్ని వరసలూ ఒకచోట రాసిన ప్రతి లేదు, విడివిడి కాగితాలే ఉన్నాయి. మోట్సార్ట్ వాటిని మోకాళ్ళ మీద, పక్క కుర్చీల మీద పరుచుకుని అన్నీ చూసేదాకా లేవలేదట. జ్ఞాపకంలో కొంత రంగు కలిసి ఉండొచ్చు. కానీ బాఖ్‌ను లోకం మరిచిన ఆ రోజుల్లో ఆయన మోటెట్లను పిల్లలు పాడుతూనే ఉన్నారన్నది వాస్తవం.

రాజ్యం నీడలో

పిల్లలు ఏం పాడితే అది నమ్ముతారని ప్రతి రాజ్యానికీ తెలుసు. 1931 నుంచి 1937 దాకా కాంటోర్ కార్ల్ ష్ట్రౌబె నాయకత్వంలో థోమానర్లు బాఖ్ కాంటాటాలను రేడియోలో వరసగా వినిపించారు. ఆ ప్రసారాలు సాగుతుండగానే హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ప్రసారాలు ముగిసిన 1937లోనే బృందాన్ని హిట్లర్ యువదళంలో కలిపారు. 1943 డిసెంబరులో లైప్‌జిగ్ మీద బాంబులు పడ్డాక పిల్లల్ని గ్రిమ్మాకు తరలించారు.

డ్రెస్డెన్ కథ ఇంకా విషాదం. 1945 ఫిబ్రవరి 13 రాత్రి ఊరు తగలబడింది. సిలువ చర్చి కాలిపోయింది. బృందంలోని 11 మంది పిల్లలు చనిపోయారు. 1930 నుంచి అక్కడ కాంటోర్‌గా ఉన్న రుడోల్ఫ్ మౌయెర్స్‌బెర్గర్ ఆ వసంతంలో, ఈస్టరు ముందటి శోకదినాల్లో, బైబిలు విలాపవాక్యాల నుంచి మాటలు ఏరుకుని ఒక శోకగీతం కూర్చాడు. ఆగస్టు 4న మిగిలిన పిల్లలు కప్పు లేని ఆ చర్చి గోడల మధ్య నిలబడి దాన్ని పాడారు. వాద్యాలు లేవు, వాయించడానికి ఆర్గన్ లేదు. పాడేవాళ్ళకు తమ పక్కన ఏ చోట్లు ఖాళీగా ఉన్నాయో తెలుసు. ప్రసిద్ధ టెనార్ పేటర్ ష్రైయర్ ఆ శిథిలాల రోజుల్లోనే పదేళ్ళవాడిగా ఆ బృందంలో చేరాడు.

ఆ తరవాత రెండు ఊళ్ళూ తూర్పు జర్మనీలో పడ్డాయి. దేవుణ్ణి ఒప్పుకోని రాజ్యానికి చర్చి బృందాలతో ఏం పని? పని ఉంది. విదేశాల్లో పేరు, విదేశీ మారకం. అందుకే ప్రభుత్వం వాటిని పోషించింది, కనిపెట్టుకునీ ఉంది. 1972 నుంచి థామస్ కాంటోర్‌గా ఉన్న హన్స్-యోఆహిమ్ రోట్ష్, రహస్య పోలీసు విభాగం స్టాసీతో సంబంధాలు బయటపడడంతో 1991లో పదవి వదులుకోవలసి వచ్చింది. అయినా ఆ నలభై ఏళ్ళూ ఆ మేడ మీద శనివారం పాట ఆగలేదు. రాజ్యం వాడుకున్నదీ నిజమే, పాట వల్ల ఎందరో ఊపిరి పీల్చుకున్నదీ నిజమే. ఈ రెంటిలో ఒకదాన్ని దాచిపెట్టి రాసే చరిత్ర సగం చరిత్రే.

గోడల మధ్య

ఇక మాట్లాడక తప్పనిది మచ్చ గురించి. మూసిన గోడల మధ్య, పెద్దవాళ్ళ చేతికి పిల్లల్ని పూర్తిగా అప్పగించిన చోట ఏం జరగగలదో రేగన్స్‌బర్గ్ చూపించింది. 2010 నుంచి పూర్వ విద్యార్థులు నోరు విప్పసాగారు. న్యాయవాది ఉల్రిష్ వేబర్ విచారించి 2017 జూలైలో తుది నివేదిక ఇచ్చాడు. 1945 నుంచి 1990ల మొదటి దాకా 547 మంది పిల్లలు హింసకు గురయ్యారని అందులో తేలింది. 500 మంది దెబ్బలు తిన్నవాళ్ళు, 67 మంది లైంగిక హింస అనుభవించినవాళ్ళు, కొందరు రెండూ భరించినవాళ్ళు. మరీ చిన్నపిల్లలుండే సన్నాహక బడిలోనే క్రూరత్వం ఎక్కువ. 1964 నుంచి 1994 దాకా బృందాన్ని నడిపిన గేయార్గ్ రాట్సింగర్, పోప్ బెనెడిక్ట్ అన్నగారు, దెబ్బల సంగతి తెలిసీ కల్పించుకోలేదని నివేదిక తప్పుపట్టింది. తాను చెంపదెబ్బలు కొట్టానని ఆయనే అంతకు ముందు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు.

ఆ ఏళ్ళలోనే ఆ బృందం ప్రపంచమంతా తిరిగి చప్పట్లు అందుకుంది. ఆ రికార్డులు ఇవాళ వింటే నాదం నిర్మలంగానే ఉంటుంది. మనల్ని కలవరపెట్టవలసింది ఇదే. పాట బాగుంటే పాడేవాడు బాగున్నాడని అర్థం కాదు. భయంతోనూ శ్రుతి కలుస్తుంది.

ఈ చీకటికి మూలం కొత్తది కాదు. 1736లో లైప్‌జిగ్‌లోనే ఒక గొడవ జరిగింది. పెద్ద ప్రిఫెక్టు ఒకడు అల్లరి చేసిన చిన్నపిల్లల్ని గట్టిగా కొట్టాడు. బడి పెద్ద ఎర్నెస్టి వాణ్ణి అందరి ముందూ కొరడాతో కొట్టించాలని తీర్పు చెప్పాడు. బాఖ్ అడ్డుపడ్డా లాభం లేకపోయింది. ఆ కుర్రాడు బడి వదిలి వెళ్ళిపోయాడు. తరవాత ప్రిఫెక్టును నియమించే హక్కు ఎవరిదన్న తగువు ఏళ్ళ తరబడి సాగి డ్రెస్డెన్ ప్రభువు దాకా పోయింది. చరిత్రకారులు దీన్ని బాఖ్ అధికారానికి జరిగిన అవమానంగా రాస్తారు. దెబ్బలు తిన్న చిన్నపిల్లల మాట అందులో ఎక్కడా వినబడదు. విద్య చేతులు మారే గొలుసులోనే దెబ్బలూ చేతులు మారతాయి. పిల్లవాడు బయటికి వెళ్ళి చెప్పుకోగల దారి, విని నమ్మే మనిషి ఉన్నప్పుడే ఆ గొలుసు మంచిది. ఆ దారి లేని బడికి వెయ్యేళ్ళ చరిత్ర ఉన్నా నా దృష్టిలో దానికి పిల్లల్ని ఉంచుకునే అర్హత లేదు.

అమ్మాయిలకు చోటెక్కడ

ఇప్పటి పెద్ద చర్చ అమ్మాయిల గురించి. 1465లో మూలాలున్న బెర్లిన్ స్టాట్స్ ఉంట్ డోమ్‌కోర్‌లో తొమ్మిదేళ్ళ తన కూతుర్ని చేర్చుకోలేదని ఒక తల్లి కోర్టుకెళ్ళింది. 2019 ఆగస్టులో బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానం బృందం పక్షానే తీర్పు చెప్పింది. అబ్బాయిల బృందపు నాదం ఎలా ఉండాలో నిర్ణయించుకోవడం కళా స్వేచ్ఛ కిందికి వస్తుందన్నది దాని సారం.

వాదనలు రెండు వైపులా బరువైనవే. నాదం వేరని ఒక పక్షం అంటుంది. అయితే ఇంగ్లాండులో సాల్స్‌బరీ కెథెడ్రల్ 1991లో అమ్మాయిల బృందం పెట్టాక జరిగిన పరీక్షల్లో, ఒకే శిక్షణ పొందిన అబ్బాయిల పాటను, అమ్మాయిల పాటను వేరుచేసి గుర్తుపట్టడంలో శ్రోతలు తరచూ పొరబడ్డారు. రెండో వాదన నాకు ఇంకా బలంగా తోస్తుంది. పన్నెండేళ్ళ మగపిల్లవాడు పాడడానికి సిగ్గుపడే వయసులో ఉంటాడు. తన ఈడు మగపిల్లలు వందమంది పాడే చోటు ఉంటేనే వాడు పాడతాడు. కలిపేస్తే అమ్మాయిలు మిగులుతారు, అబ్బాయిలు జారుకుంటారు అన్నది ఈ బృందాలు నడిపేవాళ్ళ భయం. కానీ ఆ చోటును కాపాడడానికి అమ్మాయి చెల్లించే ధర ఏమిటన్నది కూడా అడగాలి. ఆ బృందంలోకి వెళ్ళలేకపోవడం అంటే నగరం డబ్బుతో నడిచే మేలైన సంగీత విద్యకు దూరం కావడమే.

దీనికి రేగన్స్‌బర్గ్ ఒక దారి చూపింది. 2022 నుంచి తన బడిలో అమ్మాయిల్ని చేర్చుకుని వాళ్ళకు వేరే బృందం పెట్టింది. లైప్‌జిగ్‌లో థామస్ బడిలో అమ్మాయిలు చదువుతారు, చర్చి మేడ మీద పాడేది మాత్రం ఇప్పటికీ అబ్బాయిలే. విడివిడి బృందాలు, సమానమైన గురువులు, సమానమైన ఖర్చు, సమానమైన వేదిక అన్నది న్యాయమైన దారిగా కనిపిస్తుంది. ఇందులో చివరి మూడు మాటల్లో ఏది తప్పినా అది కంటితుడుపే అవుతుంది.

పాత గూట్లో కొత్త పిచ్చుకలు

2014లో సాక్సనీ అబ్బాయిల బృందాలు జర్మనీ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి. గౌరవం వచ్చినంత మాత్రాన పిల్లలు రారు. జర్మనీ తూర్పు భాగంలో చర్చికి వెళ్ళేవాళ్ళు తక్కువ. తొమ్మిదేళ్ళవాణ్ణి వసతిగృహంలో వదలడానికి తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. రేగన్స్‌బర్గ్ తరవాత ఆ ఆలోచన ఇంకా సహజం. బృందాలు తలుపులు తెరుచుకుంటున్నాయి. లైప్‌జిగ్‌లో 2021లో కాంటోర్ అయిన ఆండ్రెయాస్ రైట్సె స్విట్జర్లాండు దేశస్థుడు, కాథలిక్కు. లూథర్ ప్రసంగించిన చర్చిలో బాఖ్ పీఠం మీద కాథలిక్కు కూర్చోవడం నాలుగు వందల ఏళ్ళ క్రితం ఎవరూ కలలో కూడా అనుకోనిది. పాతవి మాత్రమే నిలవాలనీ లేదు. బవేరియాలోని విండ్స్‌బాఖ్ బృందాన్ని హన్స్ తమ్ 1946లో, యుద్ధం మిగిల్చిన లేమిలో మొదలుపెట్టాడు. అది ఒక్క తరంలోనే పెద్ద బృందాల సరసన నిలిచింది.

అంటే నిలిచేది వయసు కాదు, పద్ధతి. మఠం పోయినా, ప్రభువులు పోయినా, మూడు నాలుగు రాజ్యాలు కూలినా పోనిది, పన్నెండేళ్ళవాడు పదేళ్ళవాడి పక్కన నిలబడి ఒకే కాగితం చూస్తూ పాడడం. దాన్ని కాపాడాలంటే ఆ ఇద్దరినీ ముందు కాపాడాలి. వాళ్ళ గది తలుపు బయటి గాలికి తెరిచి ఉండాలి.

శనివారం పాట ముగిశాక జనం లేచి కంచు పలక చుట్టూ గుమిగూడతారు, కొందరు పూలు పెడతారు. వెనక మేడ మీద పిల్లలు కాగితాలు సర్దుకుంటూ ఉంటారు. వాళ్ళలో ఎవరో ఒకడికి ఇది పైవరసలో ఆఖరి శనివారం అయి ఉంటుంది, ఆ సంగతి వాడికే ఇంకా తెలియకపోవచ్చు. వాడి పక్కనున్న చిన్నవాడికి మాత్రం ఆ వరస అప్పటికే నోటికి వచ్చి ఉంటుంది.